మెట్టినిల్లు ఒడిశాలో, పుట్టినిల్లు ఆంధ్రలో: మనోవర్తి కేసు ఎక్కడ వేయాలి?

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వస్తుంటే రాష్ట్రం ఎక్కడ మారిందో కొత్తవాళ్లకు తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు కలిశాయి. చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇచ్ఛాపురం అమ్మాయిని బరంపురం ఇస్తారు. రాయగడ అమ్మాయిని పార్వతీపురం కోడలిగా తెచ్చుకుంటారు. గుణుపురంలో మేనత్త కొడుకు ఉంటే వేరే సంబంధం చూడని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లి మాటల్లో ఎవరి నోటా రాని సరిహద్దు, కాపురం చెడ్డాక మాత్రం మొదటి ప్రశ్నగా వస్తుంది. భర్త ఖర్చులకు డబ్బు పంపడం లేదు, ఆమె కన్నవారింట్లో ఉంది, మనోవర్తికి, అంటే పోషణ ఖర్చులకు, కేసు వేయాలి. ఆంధ్రలో వేయాలా, ఒడిశాలో వేయాలా?

ఊళ్లో పెద్దమనుషులు దీనికి ఎక్కువగా చెప్పే జవాబు ఒకటే. కాపురం అక్కడిది కాబట్టి కేసూ అక్కడే వేయాలి అంటారు. ఈ మాట నమ్మి ఎంతోమంది ఆడవాళ్లు వాయిదా వాయిదాకూ బస్సు ఛార్జీలు పెట్టుకుని, చంటిబిడ్డను ఎత్తుకుని, చదవలేని ఒడియా కాగితాలు పట్టుకుని రాయగడకో బరంపురానికో తిరుగుతారు. నాలుగు వాయిదాలకు ఓపిక, డబ్బు రెండూ అయిపోతాయి. ఆమె రాలేదని కేసు కొట్టేస్తారు. ఇలా పోయిన కేసుల్లో న్యాయం ఎటుందో చూసే దశే రాదు. అందుకే ఏ కోర్టు అన్నది వకీలుకు వదిలేసే చిన్న విషయం కాదు. సగం కేసు అక్కడే తేలిపోతుంది.

ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆమె ఏ కోర్టుకు తిరగగలదు అన్నది ఒకటి. ఆర్డరు వచ్చాక డబ్బు ఎక్కడ వసూలవుతుంది అన్నది రెండోది. రెండూ ఒకే చోట జరగాలని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. కేసు వేసే చోటును, వసూలు చేసే చోటును అది వేరుగా ఉంచింది. సరిహద్దు జిల్లాల ఆడవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సంగతి మనోవర్తి చట్టంలో మరొకటి లేదు.

భార్య ఉన్న చోటు

మనోవర్తికి అందరూ ఎరిగిన దారి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత 125 ఇప్పుడు 144. కేసు ఏ జిల్లాలో వేయవచ్చో చెప్పే పాత 126 ఇప్పుడు 145. అంతకు ముందే వేసి నడుస్తున్న కేసులు పాత కోడ్ కిందనే సాగుతాయి. వకీళ్ల నోట ఇంకా 125 కేసు అన్న మాటే వినిపిస్తుంది కాబట్టి నంబరు చూసి కంగారు పడనక్కర్లేదు.

భర్త ప్రస్తుతం ఉన్న జిల్లా, భర్త గానీ భార్య గానీ నివసించే జిల్లా, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన జిల్లా. వీటిలో ఎక్కడైనా కేసు వేయవచ్చని 145 చెబుతోంది. ముందు ఇది, అది కుదరకపోతేనే ఇది అనే వరుస ఏమీ లేదు. రాష్ట్రం అన్న ప్రస్తావనే లేదు. బరంపురం కోడలు సోంపేటలో అమ్మానాన్నల దగ్గర ఉంటోందంటే, శ్రీకాకుళం జిల్లాలో ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న కోర్టులోనే వేయవచ్చు. భర్త ఒక్కరోజు కూడా ఆంధ్రలో కాపురం పెట్టకపోయినా సరే. పెళ్లి ఎక్కడ జరిగింది అన్నది ఈ సెక్షన్‌కు అసలు పట్టదు.

పెద్దల మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే వాళ్ల మీద కోపం తగ్గుతుంది. 1898 నాటి కోడ్‌లో భర్త ఉండే చోటు, దంపతులు చివరిసారి కలిసి ఉన్న చోటు మాత్రమే ఉన్నాయి. భార్య ఎక్కడ ఉంటోందో ఆ చట్టం అడగలేదు. దిక్కులేక పుట్టింటికి చేరిన మనిషి మళ్లీ మొగుడి ఊరికే వెళ్లి కేసు వేయాల్సి వచ్చేది. 1973 కోడ్ ఆ అన్యాయాన్ని సరిచేసి భార్య నివాసాన్ని కూడా చేర్చింది. అది 1974 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అంటే ఊరి పంచాయితీల్లో ఈ రోజుకీ చెబుతున్నది అర్ధ శతాబ్దం కిందట మారిపోయిన చట్టం.

నివాసం అంటే ఏమిటన్న దాని మీద జగీర్ కౌర్ కేసులో 1963లోనే సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అందులో భర్త ఆఫ్రికాలో ఉద్యోగం చేస్తూ, మధ్యలో స్వదేశానికి వచ్చిన మనిషి. ఒక చోట శాశ్వతంగా ఉంటేనే నివాసం అనుకోకూడదని, తాత్కాలికంగా ఉన్నా నివాసమే అవుతుందని, అయితే ఏదో పని మీద వచ్చి పోవడం మాత్రం నివాసం కాదని కోర్టు తేల్చింది. భర్త ఉన్న చోటు అన్న మాటకు, కేసు వేసే సమయానికి అతను అక్కడ ఉంటే చాలని అర్థం చెప్పింది. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలసపోయే కుటుంబాల్లో ఈ తీర్పు ఇప్పటికీ అక్కరకొస్తుంది. అతను పండక్కి బరంపురం వచ్చిన సమయంలో అక్కడ కేసు వేయవచ్చు. ఏడాదంతా సూరత్‌లోనే ఉన్నా, ఆమె ఇచ్ఛాపురంలో ఉంటే ఇచ్ఛాపురంలో వేయవచ్చు.

తల్లిదండ్రుల విషయం వేరుగా ఉండేది. కొడుకు మీద మనోవర్తి అడిగే తల్లిదండ్రులకు తాము ఉండే చోట వేసే వీలు లేదని 2004లో విజయ్ కుమార్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సంహిత తల్లి లేదా తండ్రి నివసించే జిల్లాను కూడా చేర్చి ఆ లోటు తీర్చింది.

ఆధార్‌లో అత్తారింటి చిరునామా

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా భర్త తరఫు వకీలు వేసే మొదటి అభ్యంతరం చిరునామా మీదే. ‘ఆమె ఆధార్‌లో రాయగడ ఉంది, ఓటు రాయగడలో ఉంది, రేషన్ కార్డులో పేరు మా ఇంట్లోనే ఉంది, ఈ కోర్టుకు అధికారం లేదు’ అంటాడు. ఇది విని ఆడపిల్లకు టెన్షన్ మొదలవుతుంది. ముందు ఆధార్ మార్పించుకుని ఆ తరువాత కేసు వేద్దామని నెలలు గడిపేసేవాళ్లు ఉన్నారు. ఆ నెలల మనోవర్తి పోయినట్టే. ఎందుకంటే మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇవ్వాలని 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

నివాసం నిరూపించడానికి ఆధార్ ఒక్కటే దారి అని చట్టంలో ఎక్కడా లేదు. పిల్లవాడిని పుట్టింటి ఊరి బడిలో వేస్తే ఆ సర్టిఫికెట్, అంగన్‌వాడీలో పేరు ఉంటే ఆ నమోదు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పాసుబుక్కు, ఇంట్లోవాళ్ల సాక్ష్యం, ఇవన్నీ పనికొస్తాయి. ఎప్పటి నుంచి ఇక్కడ ఉంటున్నదీ, ఏ పరిస్థితిలో వచ్చిందీ తేదీలతో పిటిషన్‌లోనే రాసుకోవాలి. పుట్టింట్లో ఉండటం నివాసం కాదని వాదించే భర్తకు, దిక్కులేక వచ్చి ఉంటున్న చోటు చూసిపోవడానికి వచ్చిన చోటు కాదన్నదే సమాధానం.

ఇంకో సంగతి. ఒకవేళ జిల్లా విషయంలో నిజంగానే పొరపాటు జరిగినా, తప్పు జిల్లాలో విచారణ జరిగిందన్న ఒక్క కారణంతో క్రిమినల్ కోర్టు ఉత్తర్వు రద్దు కాదు. దానివల్ల న్యాయానికి భంగం కలిగిందని చూపించాలి. అందుకని చిరునామా అభ్యంతరానికి మరీ భయపడిపోవాల్సిన పని లేదు.

చిరునామా కంటే ఎక్కువ కీడు చేసే కాగితం మరొకటి ఉంది. అది పెద్దమనుషులు రాయించే ఒప్పందం. గొడవ చల్లార్చాలని ‘ఇద్దరం ఇష్టపడి విడిగా ఉంటున్నాము’ అని ఒక వాక్యం రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తారు. రాసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని చట్టం చెబుతోంది. భర్త కొట్టాడు గనకో, తరిమేశాడు గనకో వచ్చిన మనిషి చేత ఇష్టపడి వచ్చానని రాయించడం ఆమె నోటి కాడి కూడు లాక్కోవడమే. ఇకపై మనోవర్తి అడగను అని రాయించుకున్న ఒప్పందాన్ని కోర్టులు సాధారణంగా ఖాతరు చేయవు. ఇష్టపడి విడిపోయామన్న వాక్యం మాత్రం చివరిదాకా వెంటాడుతుంది. సంతకం పెట్టే ముందు ఎవరైనా చదివి చెప్పమని అడగడం ఆమె హక్కు.

మిగతా చట్టాల దారులు

గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. దాని 27వ సెక్షన్ ఇంకా ఉదారంగా ఉంటుంది. బాధితురాలు శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ నివసించే చోటు, పని చేసే చోటు, భర్త ఉండే చోటు, హింస జరిగిన చోటు, ఇందులో ఎక్కడైనా మేజిస్ట్రేట్ కోర్టులో వేయవచ్చు. తాత్కాలికంగా అన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి ఆధార్ వాదనకు ఇక్కడ చోటే తక్కువ. 2020లో శ్యాంలాల్ దేవ్డా కేసులో, బెంగళూరులో తల్లిదండ్రుల దగ్గర ఉంటున్న భార్య అక్కడ వేసిన కేసు సరైనదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుందని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పాత శిక్షాస్మృతి 498ఏ కింద పెట్టే పోలీసు కేసు లాంటిది కూడా ఆమె తలదాచుకున్న చోట పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి తీర్పు వచ్చింది. అయితే మనోవర్తి కోసం పోలీసు కేసు ముందు పెట్టి తీరాలన్న నియమం ఏదీ లేదు. చాలామంది అలా అనుకుని భయపడి ఆగిపోతున్నారు.

హిందూ వివాహ చట్టం దారి వేరు. అక్కడ మనోవర్తి ఒంటరిగా రాదు. విడాకులో, కాపురానికి రమ్మనే కేసో నడుస్తుంటే దానిలో భాగంగా 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడుగుతారు. కేసు ముగిసేటప్పుడు 25 కింద శాశ్వత భరణం. ఆ కేసు పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం ఉండే చోట, చివరిసారి కలిసి ఉన్న చోట వేయవచ్చు. భార్య వేస్తే తాను ఉంటున్న చోట కూడా వేసుకోవచ్చని 2003 సవరణ చేర్చింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద సివిల్ దావా కూడా ఉంది. నెలవారీ ఖర్చులకు ఎదురుచూసే మనిషికి అది నెమ్మది దారి. ఆస్తి మీద హక్కు ఏర్పరచుకోవాల్సిన అవసరం ఉంటే తప్ప మొదటే అటు వెళ్లడం వల్ల ప్రయోజనం తక్కువ.

సరిహద్దు జిల్లాల్లో మర్చిపోకూడని ముఖ్యమైన విషయం ఒకటుంది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో సవరలు, కోదులు, జాతాపులు అనే ఆదివాసీ తెగలవాళ్లు ఎక్కువ. వీరిలో చాలామంది ఇంట్లో తెలుగూ మాట్లాడతారు, ఆంధ్ర వైపు సంబంధాలూ చేసుకుంటారు. హిందూ వివాహ చట్టం, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆ దారిలో వెళితే ఈ చట్టం మాకు వర్తించదు అన్న ఒక్క మాటతో కేసు పోతుంది. 144వ సెక్షన్‌కు, గృహహింస చట్టానికి ఆ ఇబ్బంది లేదు. మతం, కులం, తెగ ఏదైనా అవి అందరికీ వర్తిస్తాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఈ దారిలో అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు మరోసారి తేల్చింది. ఆ కేసు వెళ్లింది తెలంగాణ నుంచే. ఆదివాసీ యువతి కేసు తీసుకున్న వకీలు అలవాటు కొద్దీ హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ రాస్తే, ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది ఆమే.

కొటియా గ్రామాల్లో ఈ ప్రశ్న ఇంకా లోతైనది. కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపు నుంచి ఒడిశా, సాలూరు వైపు నుంచి ఆంధ్ర, 21 గ్రామాల మీద దశాబ్దాలుగా తగువు పడుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లు అక్కడ మామూలే. అలాంటి ఊరి నుంచి మనోవర్తి అడిగే స్త్రీ తన ఊరు ఏ రాష్ట్రానిదో తేల్చుకున్నాకే కోర్టుకు వెళ్లాలంటే ఆమె జీవితం సరిపోదు. ఇలాంటి చోట పిటిషన్‌లో ఒక్క ఆధారం మీదే నిలబడకూడదు. తన నివాసంతో పాటు భర్త ఎక్కడ పని చేస్తున్నాడో, చివరిసారి ఎక్కడ కలిసి ఉన్నారో కూడా రాసి, వివాదం లేని చోటు కనీసం ఒకటి ఉండేలా చూసుకుంటే ఊరి తగువు కేసులోకి రాకుండా ఆపవచ్చు. భర్త సాలూరులో కూలి చేస్తుంటే సాలూరు చాలు. కొరాపుట్‌లో ఉంటే కొరాపుట్ చాలు.

భర్త ముందే ఒడిశాలో కేసు వేస్తే

భార్య నోటీసు పంపగానే భర్త రాయగడలో విడాకులకో, కాపురానికి రమ్మనో కేసు వేయడం బాగా అలవాటైన ఎత్తుగడ. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు కేసులు. ఆ కేసు తేలేదాకా ఈ కేసు ఆగాలని అతను అంటాడు. ఆగనక్కర్లేదు. రెండు చట్టాల కింద రెండు చోట్ల మనోవర్తి అడగడం తప్పు కాదని రజనీష్ తీర్పు చెబుతూనే, ఒక కోర్టులో వచ్చిన ఉత్తర్వు గురించి ఇంకో కోర్టుకు తప్పక చెప్పాలని, అక్కడ ఇచ్చిన మొత్తాన్ని ఇక్కడ సర్దుబాటు చేయాలని నియమం పెట్టింది. దాచిపెడితే నష్టం. చెప్పి అడిగితే ఏమీ కాదు. ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు వివరిస్తూ అఫిడవిట్ వేయాలన్నదీ ఆ తీర్పులోదే.

కాపురానికి రమ్మని అతనికి డిక్రీ వచ్చినా, ఆమె వెళ్లలేదన్న ఒక్క కారణంతో మనోవర్తి పోదని 2025 జనవరి 10న రీనా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వెళ్లకపోవడానికి తగిన కారణం ఉందా లేదా అన్నది మనోవర్తి కోర్టు విడిగా చూడాలి.

అతను వేసిన కేసును ఆంధ్రకు మార్పించుకోవాలంటే హైకోర్టుల వల్ల కాదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చే అధికారం సుప్రీంకోర్టుదే. సివిల్ కేసుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్, క్రిమినల్ కేసుకు సంహిత 446వ సెక్షన్. భార్య ఇబ్బందిని సుప్రీంకోర్టు చాలాసార్లు గుర్తించింది గానీ, భార్య అడిగిందంటే మార్చి తీరాలన్న నియమం లేదని 2006లో అనిందితా దాస్ కేసులో చెప్పింది. దూరం, ఆదాయం, చిన్నపిల్లలు, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం, ఇవి కాగితాలతో చూపించాలి. బరంపురం, ఇచ్ఛాపురం లాంటి దగ్గరి ఊళ్ల మధ్య కేసు మార్పించడానికి ఢిల్లీ దాకా వెళ్లడం అంత తెలివైన పని కాకపోవచ్చు. దానికంటే ఆ ఒడిశా కోర్టులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద రానుపోను ఖర్చులు, వకీలు ఫీజు అడగడం మేలు. నోటీసు అందిన 60 రోజుల్లో ఆ దరఖాస్తు తేల్చడానికి చూడాలని ఆ సెక్షన్ చెబుతోంది. భర్త వేసిన కేసు ఖర్చు భర్త మీదే పడితే, తిప్పి తిప్పి అలసిపోయేలా చేద్దామన్న ఆలోచనకు బలం తగ్గుతుంది.

వీడియోలో హాజరవుతానని ఎవరైనా అనుకుంటే, కుటుంబ తగాదాల్లో రాజీ ప్రయత్నం విఫలమయ్యాకే, అదీ ఇద్దరూ ఒప్పుకుంటేనో, ఒకరు అడిగితే కోర్టు తగినదని భావిస్తేనో వీడియో విచారణ అని 2017 అక్టోబర్‌లో శాంతిని కేసులో వచ్చిన తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

సమన్లు సరిహద్దు దాటాలి

పుట్టింటి ఊళ్లో కేసు వేయడంలో ఒక నిజమైన కష్టం ఉంది. దాన్ని దాచి చెప్పడం మంచిది కాదు. భర్తకు సమన్లు అందాలి. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం అన్నా, ఆ 60 రోజులు మొదలయ్యేది నోటీసు అందిన రోజు నుంచే. శ్రీకాకుళం జిల్లా కోర్టు నుంచి బయల్దేరిన సమన్లు రాయగడ కోర్టు ద్వారా, అక్కడి పోలీసుల ద్వారా వెళ్లాలి. ఇంట్లో లేడని తల్లి చెబితే తిరిగి వస్తాయి. ఒడిశాలోనే వేసి ఉంటే ఇది త్వరగా తెమిలేదని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ సమన్ల కోసం రెండు మూడు వాయిదాలు ఇక్కడ కూర్చోవడం వేరు, ఏళ్ల తరబడి అక్కడికి తిరగడం వేరు. ఆమె తిరగలేని కోర్టులో సమన్లు త్వరగా అందినా ఉపయోగం లేదు.

ఈ ఆలస్యాన్ని తగ్గించవచ్చు. పిటిషన్‌లో ఇంటి చిరునామాతో పాటు పని చేసే చోటు చిరునామా, ఫోన్ నంబరు రాయాలి. రైల్వే, పేపర్ మిల్లు, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ లాంటి చోట పని చేసే మనిషి ఇంట్లో దొరక్కపోయినా డ్యూటీలో దొరుకుతాడు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమన్లు పంపే వీలు కొత్త సంహిత కల్పించింది, దాన్ని అడగాలి. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే అతను లేకుండానే విచారించి ఉత్తర్వు ఇవ్వవచ్చు. అలా వచ్చిన ఉత్తర్వును తగిన కారణం చూపించి మూడు నెలల్లోగా రద్దు చేయమని అతను అడగవచ్చు. కాబట్టి సమన్లు పంపిన ప్రతి ప్రయత్నానికీ కాగితం ఉంచుకోవడం ఆమెకే రక్ష.

డబ్బు వచ్చే కోర్టు

ఆర్డరు వచ్చిన రోజు చాలామంది కేసు గెలిచామనుకుంటారు. అసలు పోరాటం అక్కడి నుంచే. నెల తిరిగినా డబ్బు పడదు. ఆంధ్ర కోర్టు వారంటు ఒడిశాలో ఎవరు పట్టించుకుంటారని భర్త తరఫువాళ్లు అంటారు.

ఇక్కడే సంహిత 147వ సెక్షన్, పాత కోడ్‌లో 128, ఆదుకుంటుంది. మనోవర్తి ఉత్తర్వును, అది ఎవరి మీద వచ్చిందో ఆ మనిషి ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేట్ అమలు చేయవచ్చు. ఆ మేజిస్ట్రేట్ చూడాల్సినవి రెండే. ఈ మనుషులు వాళ్లేనా, డబ్బు చెల్లించలేదా. కేసును మళ్లీ మొదటి నుంచి వినడు, ఉత్తర్వు సరైనదా కాదా అని తూచడు. ఉత్తర్వు కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే పార్వతీపురంలో తెచ్చుకున్న ఉత్తర్వును రాయగడ మేజిస్ట్రేట్ దగ్గర అమలుకు పెట్టవచ్చు. అతను సూరత్‌లో ఉంటే సూరత్‌లో. కేసు నడిపినంత కాలం ఆమె తన ఊళ్లోనే ఉండి, చివర్లో వసూలు కోసం మాత్రమే సరిహద్దు దాటితే చాలు.

వసూలుకు ఇంకో రెండు సాధనాలు ఉన్నాయి. గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద, భర్త కట్టకపోతే అతని జీతంలో కొంత భాగం నేరుగా ఆమెకు ఇవ్వమని గానీ, కోర్టులో జమ చేయమని గానీ యజమానిని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. నెలజీతం ఉన్న మనిషి మీద ఇంతకంటే సులువైన దారి లేదు. అతను ఉద్యోగస్తుడైతే 144తో పాటు గృహహింస చట్టం కింద కూడా దరఖాస్తు వేయించుకోమని చెప్పడానికి ఇదే కారణం. రెండోది సివిల్ డిక్రీ లాగా అమలు. మనోవర్తి ఉత్తర్వును డబ్బు డిక్రీలా ఆస్తి జప్తు ద్వారా కూడా వసూలు చేయవచ్చని రజనీష్ తీర్పు చెప్పింది. గజపతి, గంజాం పల్లెల్లో భర్త పేరున పొలం ఉంటే దాని వివరాలు ముందే సేకరించి అఫిడవిట్‌కు జవాబులో రాయించడం మంచిది. తరువాత ఎవరి పేరుకైనా మార్చినా అడగడానికి ఆధారం ఉంటుంది.

వసూలులో ఎక్కువ మంది చేజేతులా పోగొట్టుకునేది గడువు వల్ల. బాకీ పడిన మొత్తానికి వారంటు అడగాలంటే అది బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయాలి. రెండు మూడేళ్లు పోగయ్యాక ఒకేసారి అడుగుదామనుకుంటే ఏడాది దాటిన నెలలు ఆ దారిలో రావు. మూడు నాలుగు నెలలకొకసారి వేస్తూ పోవాలి. బాకీ కట్టనివాణ్ని నెల వరకు జైలుకు పంపే అధికారం కోర్టుకు ఉంది, జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదు.

కోర్టుల మెట్ల గురించి కూడా కొంచెం తెలిసి ఉండాలి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద ఒక ప్రాంతానికి ఫ్యామిలీ కోర్టు ఉంటే 144 కింద మనోవర్తి కేసులు అక్కడికే వెళ్లాలి, లేనిచోట మేజిస్ట్రేట్ దగ్గరికి. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన మనోవర్తి ఉత్తర్వు మీద అప్పీలు లేదు, హైకోర్టులో రివిజన్, అంటే ఉత్తర్వును సరిచూడమనే దరఖాస్తు, మాత్రమే. ఒడిశాలో వేసిన కేసు హైకోర్టుకు వెళ్తే కటక్ వెళ్లాలి, ఆంధ్రలో వేస్తే అమరావతి. శ్రీకాకుళం, మన్యం జిల్లాల వాళ్లకు రెండూ దూరమే, కానీ అమరావతిలో వాదనకు వకీలును వెతుక్కోవడం, ఆ వకీలుకు తెలుగులో విషయం చెప్పుకోవడం తేలిక. గృహహింస కేసులో అప్పీలు 30 రోజుల్లో జిల్లాలోని సెషన్స్ కోర్టుకే వెళ్తుంది. దూరం పోలేని మనిషికి ఇది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన తేడా.

ఇదే ప్రశ్న రెండో వైపు నుంచి కూడా వస్తుంది. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి టెక్కలిలో కాపురం చేసి తిరిగి వచ్చేస్తే, ఆమెకు అనువైనది పర్లాకిమిడి కోర్టే. అక్కడ తెలుగు మాట్లాడే వకీళ్లకు కొదవ లేదు, కానీ రికార్డు ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో నడుస్తుంది. తెలుగులో ఉన్న పెళ్లి పత్రిక, పంచాయితీ కాగితం, ఉత్తరాలు అనువాదం చేయించి జత చేయాలి. ఆమె తరఫున వేసిన పిటిషన్‌లో ఏముందో తెలుగులో చదివి వినిపించాకే సంతకం చేయాలి. కోర్టులో అడ్డు ప్రశ్నలు వేసేటప్పుడు తన పిటిషన్‌లో ఉన్నది తనకే తెలియక తడబడిన సాక్షిని కోర్టు నమ్మడం కష్టం.

వకీలు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవాల్సిన అవసరం రెండు రాష్ట్రాల్లోనూ లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల సంస్థకు వెళ్లి తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే వకీలును కేటాయిస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. వసూలు దరఖాస్తు ఒడిశాలో వేయాల్సి వచ్చినప్పుడు అక్కడి జిల్లా న్యాయ సేవల సంస్థను కూడా అడగవచ్చు. ఆంధ్రలో సహాయం తీసుకున్నారు కదా అని అక్కడ కాదనడానికి ఆ చట్టంలో కారణమేదీ లేదు.